రోడ్డు అవతలికి జరిగింది

అనార్జోర్ మహల్లా,
2006 మార్చి 12

నుకుస్ నగర పసిపిల్లల బడి వంటశాలకు ఏకచ్ఛత్రాధిపతి, నా ఏకైక మేనత్త శ్రీమతి మస్తూరా గారి సముఖమునకు వేయి సలాములు.

ఇక్కడ నానమ్మ మోకాళ్ళు తప్ప అందరం కులాసా. నాన్న లారీ మీద కజాన్ వైపు పోయాడు, ఎండలు ముదిరేదాకా రాడు. కాబట్టి ఇంటికి మగదిక్కు నేనే అని నేననుకుంటున్నాను. నానమ్మ అనుకోవడం లేదు.

అసలు సంగతి. మన వీధి మీద నగరం వాళ్ళ కన్ను పడింది. వెడల్పు చేస్తారట. వీధంతా బాగానే ఉంది గానీ మన మలుపులోనే గొంతు నొక్కినట్టు ఇరుకట. ఇటు మా ఇల్లు, అటు తాళం వేసిన నీ ఇల్లు. రెండు వైపులా కోస్తే రెండు తగువులు, ఒక వైపే కోస్తే ఒకటే తగువు అని పెద్దలు ఆలోచించి, మా వైపు నుంచి మూడు మీటర్లు ఇమ్మన్నారు. మూడు మీటర్లంటే ఎంత, ఒక ఎద్దు పడుకునేంత. కాకపోతే ఆ ఎద్దు పడుకునే చోట మా వీధి గోడ, గేటు, ద్రాక్ష పందిరి, నానమ్మ రొట్టెలు కాల్చి అమ్మే తందూరు ఉన్నాయి.

నానమ్మ నగరం మీద యుద్ధం ప్రకటించింది. ఆయుధం: టీ.

కొలతలకి వచ్చినవాడు ఆర్నిస్ అని లాత్వియా ఇంజనీరు. నిచ్చెనంత మనిషి, ఎర్ర గడ్డం. రష్యన్ బాగా వచ్చు. మన భాషలో ధన్యవాదం చెప్పే 'రహ్మత్' ఒక్కటే వచ్చు, అదీ తుమ్మినట్టు అంటాడు. రష్యన్‌లో డిగ్రీ పుచ్చుకుని గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను దుబాసీగా పెట్టుకున్నాడు. అంటే, అత్తా, మా గోడ కూల్చడానికి వచ్చినవాడి మాటలు నానమ్మకి చెప్పి, నానమ్మ తిట్లు వాడికి చెప్పకుండా ఉన్నందుకు నాకు జీతం.

మొదటి రోజు నానమ్మ తందూరు పక్కన పరుపు వేయించి, అతని టీ పియాలాని అంచు దాకా నింపింది. అడుగున నాలుగు గుక్కలు పోసి 'ఇంకాస్త, ఇంకాస్త' అనే మనిషి అంచు దాకా పోసిందంటే ఏమిటి? తాగి, లేచి, దయచెయ్యమని. మన మహల్లాలో పాలు మరిచిన పసిగుడ్డు కూడా ఆ నిండు పియాలా చూస్తే చెప్పులు వెతుక్కుంటుంది. ఇతగాడు మాత్రం వేళ్ళు కాలుతున్నా రెండు చేతులా పట్టుకుని, "మీ నానమ్మది ఎంత పెద్ద మనసు! మా క్యాంపులో సగం గ్లాసే పోస్తారు" అన్నాడు.

"ఏమంటున్నాడ్రా?" అంది నానమ్మ.

"సిగ్గుపడుతున్నాడు" అన్నాను.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఇంకాస్త నిండుగా పోసింది. ఆ మర్నాడు కేకు పట్టుకుని వచ్చాడు.

నిన్న నీ ఇంటి వైపు చూపించి, "అక్కడెవరుంటారు?" అని అడిగాడు. "పిల్లులు" అన్నాను. "ఎన్ని?" అన్నాడు. "పాస్‌పోర్టులు లేవు కదా, జనాభా లెక్కలోకి రావు" అన్నాను. కడుపు పట్టుకుని నవ్వి, తన పటం మీద ఏదో గుర్తు కూడా పెట్టుకున్నాడు. నా హాస్యం సరిహద్దులు దాటుతోందన్నమాట.

ఫోను చెయ్యనా?

నీ ఇంటి తాళంచెవిని తాయెత్తులా మెడలో వేసుకు తిరుగుతున్న
మేనల్లుడు తోలిబ్


నుకుస్,
మార్చి 26

ఒరేయ్ తోలిబూ, చల్లగా ఉండు.

ఫోను వద్దు. ఫోనులో నువ్వు నన్ను నవ్విస్తావు, కాగితం మీదైతే దొరికిపోతావు.

నీ ఉత్తరం వంటగదిలో గట్టిగా చదివితే కూరలు తరిగే ఆవిడ కత్తి కింద పెట్టి మరీ నవ్వింది. అమ్మ నిండా పోస్తుంటే అతను కేకు తెచ్చాడా! పాపం. ఆయనకి అసలు సంగతి ఎవరూ చెప్పకండి, గుండాగి పోతాడు. కానీ పందిరి విషయం మాత్రం నవ్వులాట కాదు. ఆ తీగ మీ తాత పాతింది. అది పోతే అమ్మ ఏమైపోతుందో. నగరం వాళ్ళతో మర్యాదగా మాట్లాడు, పద్యాలు చదవకు.

ఇక్కడ ఎండిపోయిన సముద్రం మీద నుంచి ఉప్పుగాలి మొదలైంది. సూపులో ఉప్పు వెయ్యక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు. నాకు పట్టిన ఉప్పు చాలు అనుకున్నాను. సెప్టెంబరులో వచ్చేస్తున్నాను. ఇక్కడ చెప్పేశాను కూడా. నీకే మొదట రాస్తున్నాను.

నా ఇంట్లో ఉంటాను. నీకు ఊహ తెలియని రోజుల సంగతి: మొగుడు నా బట్టలు మూట కట్టి పంపించేస్తే, మీ తాత ఒక్క మాట అనకుండా హషర్ పిలిచాడు. మహల్లాకి మహల్లా వచ్చింది, కూలి పుచ్చుకోకుండా మట్టి తొక్కింది, ఇటుక పేర్చింది, అమ్మ వండిన పలావు తిని వెళ్ళింది. ఒక గది, ఒక వరండా, వెనకే కాలువ. నగరం పుస్తకంలో నా పేరు మీద ఉన్నది. ఈ లోకంలో నా పేరు మీద ఉన్నది అదొక్కటే. పదేళ్ళుగా ఇక్కడ పరాయి పిల్లలకి గంజి కలుపుతూ రోజూ ఆ గదిలో కుర్చీ ఎక్కడ వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. ఇంకా తేలలేదు.

దుప్పట్లు ఎండలో వెయ్యి. కిటికీలు తెరిచి పెట్టు.

అమ్మకి చెప్పు, వస్తున్నానని. నేను నుకుస్ రైలెక్కిన రోజు నుంచి మా ఇద్దరి మాటలూ నీ నోటితోనే కదా. దుబాసీ ఉద్యోగం నీకు కొత్తేం కాదు.

అత్త మస్తూరా


అనార్జోర్,
ఏప్రిల్ 9

విజయీభవ!

అత్తా, రొట్టె విరిగి నేతిలో పడింది. ఆర్నిస్ దొర పటం మార్చి పట్టుకొచ్చాడు. రోడ్డు అవతలికి జరిగింది. మా గోడ, గేటు, పందిరి, తందూరు సర్వం క్షేమం. చరిత్రలో ఒక నగరాన్ని టీతో ముంచి ఓడించిన మొదటి మనిషిగా నానమ్మ పేరు నిలిచిపోతుంది. ఆవిడ ఇంకా నమ్మడం లేదు, అతని పియాలా నింపుతూనే ఉంది.

ఇక్కడ వాతావరణం బాగుంది. ఆప్రికాట్ పూత రాలింది. గాలి ఒక రోజు తూర్పు నుంచీ ఒక రోజు పడమటి నుంచీ వీస్తోంది. పాలవాడి గాడిదకి కొత్త గంట కట్టారు, మోత బాగుంది. నీ దుప్పట్లు ఎండలో వేశాను. బాగా ఎండాయి. చాలా బాగా ఎండాయి.

ఇంకేం విశేషాలు లేవు.

తొందరలో ఉన్న
తోలిబ్


నుకుస్,
ఏప్రిల్ 20

తోలిబ్,

అవతలికి అంటే ఎవరి వైపుకి?

ఈ ఒక్క ముక్కే రాసి అంటించేద్దామనుకున్నాను. కవరు అంటించి మళ్ళీ చింపాను.

ఆ వీధికి ఉన్నవి రెండే వైపులు. ఇవతల మా అమ్మ. అవతల నేను. నువ్వు వాతావరణం గురించి రాసినప్పుడే ఏదో తగలబడిందని తెలిసింది. దుప్పట్లు 'చాలా బాగా' ఎండాయా? పుట్టి ఇన్నేళ్ళలో దుప్పటి గురించి నువ్వు రెండు వాక్యాలు మాట్లాడగా నేను వినలేదు.

నా ఇంటికి ముందు గది తప్ప వెనక గది లేదని నీకు తెలుసు. మూడు మీటర్లు పోతే నాకు మిగిలేది వెనక గోడ, దానికున్న మేకు.

ఎవరుంటారని ఆయన అడిగాడు. 'మా అత్త ఇల్లు, సెప్టెంబరులో వస్తుంది' అనడానికి నీకు రష్యన్ చాలలేదు. డిగ్రీ ఉంది కదా. 'పిల్లులు' అన్నావు. నవ్వించావు. గుర్తు పెట్టుకున్నాడు. నీకు చెలగాటం, నాకు ప్రాణసంకటం.

నీ మీద కోపం పోతుందిలే, నువ్వంతే. కానీ అమ్మ సంగతి ఇప్పుడర్థమైంది. రోజూ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. టీ పోసింది. నిండుగా పోసిందట, పొమ్మనడానికట! ఎవరికి చెబుతావురా ఈ కథ? మా అమ్మ ఒకరిని పొమ్మనాలంటే పియాలా అక్కర్లేదు. నన్ను పొమ్మన్నప్పుడు చూశాను. తందూరా, కూతురా అంటే తందూరు అంది. అనీ, నీ చేత 'విజయీభవ' అని రాయించింది.

మస్తూరా


అనార్జోర్,
మే 1

అత్తా,

బిరుదులు లేవు, చూశావుగా.

ముందు ఒక్కటి నమ్ము. నానమ్మకి ఏమీ తెలియదు. పటం మారిందని తెలుసు, ఎటు మారిందో నేను చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చే సరికి నగరం మనుషులు నీ గేటు మీద ఎర్ర రంగుతో ఇంత పొడుగు గీత గీసి పోయారు. నానమ్మ పొద్దున్నే వాకిలి ఊడుస్తూ చూసింది.

"ఏంట్రా అది?"

"అలంకారం నానమ్మా."

"ఎవరికి పెళ్ళి?"

ఆవిడ చీపురు అక్కడే పడేసి, కిరోసిన్ గుడ్డ తెచ్చి, ఆ గీతని తుడవడం మొదలుపెట్టింది. సగం పోయింది, సగం చెయ్యికి అంటుకుంది. ఆ చెయ్యి నా ముక్కు ముందు పెట్టి, "మస్తూరా ఉత్తరం తియ్యి. మొత్తం చదువు. ఒక్క ముక్క మింగినా నీ గొంతులో తెలుస్తుంది నాకు" అంది.

మొత్తం చదివాను. 'నన్ను పొమ్మన్నప్పుడు' దగ్గర కూడా ఆగలేదు. ఆవిడ పిండి పిసకడం మొదలుపెట్టింది. నేను చదవడం అయిపోయాక కూడా పిసుకుతూనే ఉంది. ఆ రోజు రొట్టెలు కొన్నవాళ్ళు మర్నాడు వచ్చి నానమ్మతో, 'హోజర్ బూవీ, అవి రొట్టెలా, ఇటుకలా?' అని అడిగారు.

తర్వాత మఖ్మల్ కోటు వేసుకుని నన్ను రోడ్డు క్యాంపుకి లాక్కుపోయింది.

"వాడికి చెప్పు. నిండు పియాలా అంటే మా దగ్గర ఏంటో చెప్పు."

చెప్పాను, అత్తా. ఈ ఉద్యోగంలో చేరాక నేను నిజంగా అనువాదం చేసిన మొదటి మాట అదే.

ఆర్నిస్ ముఖం ఎర్రబడి గడ్డంలో కలిసిపోయింది. "అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ."

"కేకు తెచ్చిన రోజు కూడా?"

"ఆ రోజు పరుపు మీద కూడా ఒలికింది, గుర్తులేదా?"

బూట్లు చూసుకుంటూ, "టీ చాలా బాగుండేది" అన్నాడు. నానమ్మ, "టీ మంచిదే, మనసు మంచిది కాదు అని చెప్పు. ఎదురిల్లు నా కూతురిదని చెప్పు" అంది.

అతను తల పట్టుకున్నాడు. నీ ఇల్లు ఖాళీ అనుకున్నాడట. మనిషి లేని చోట గీస్తే ఎవరికీ బాధ ఉండదు, అంత ప్రేమగా టీ పోసే ముసలావిడ పందిరి దక్కుతుంది అనుకున్నాడట. కాగితాలు నగరానికి వెళ్ళిపోయాయి, ముద్ర పడింది, యంత్రాలు జూన్ మొదట్లో వస్తాయి. "ముద్ర పడ్డాక గీతని మళ్ళీ కట్టడం ఉన్న వైపుకి మార్చమంటే నా మాట వినరు. ఖాళీ జాగా అయితే ఎవరూ ఏమీ అడగరు" అన్నాడు. నానమ్మ ఆ మాట నా చేత రెండుసార్లు చెప్పించుకుంది. ఇంటికొచ్చాక అన్నం తినలేదు. పందిరి కింద నిలబడి గోడ వైపు చూస్తోంది. కూర్చోమంటే లేస్తుంది, లేస్తే కూర్చుంటుంది.

నువ్వు రా. నీ ఇల్లని నీ నోటితో నువ్వు చెబితే నగరం వినవచ్చు. నా నోటికి ఇక్కడ విలువ ఎంతో నువ్వే చూశావుగా.

తోలిబ్


నుకుస్,
మే 11

తోలిబ్,

రాను. ఆఫీసుల ముందు నిలబడి 'ఇది నాది' అని ఏడవలేను. నిండు పియాలా కథ నువ్వు ఎంత బాగా రాసినా నమ్మకం కుదరడం లేదు. ఒక పేజీ నమ్ముతున్నాను, ఒక పేజీ నమ్మలేకపోతున్నాను. నిజమైతే ఇంకా ఘోరం. నాకున్న ఒక్క గదీ పోయింది ఒక జోకుకీ, టీ నీళ్ళకీనా?

అమ్మ వయసుకి ఇప్పుడు తందూరు మార్చుకోమనడం న్యాయం కాదు. ఆవిడ పందిరి ఆవిడకి ఉండనీ. సంతకం పెట్టాల్సిన కాగితం ఏదన్నా ఉంటే పంపు, పెట్టి పంపిస్తాను. బడి వెనక ఒక గది ఖాళీ అయింది, అడిగాను. సెప్టెంబరు మాట మర్చిపో.

పొద్దున్నుంచీ ఒక చోట కుదురుగా నిలబడలేకపోతున్నాను. ఉడికిన అన్నాన్ని మళ్ళీ కడిగాను. పిల్లలు తినేశారు, పాపం.

ఆ తాళంచెవి కాలువలో పారెయ్. వద్దు, నీ దగ్గరే ఉంచు. వద్దు, పారెయ్. కొట్టివేతలతో ఉత్తరం పంపడం నాకు ఇష్టం ఉండదు, అన్నీ ఉంచేస్తున్నాను. నీకు తోచినట్టు చెయ్యి.

మస్తూరా


అనార్జోర్,
మే 24

అత్తా, అత్తా, అత్తా,

కూర్చుని చదువు. గరిటె కింద పెట్టు.

నీ ఉత్తరం నానమ్మకి చదివాను. 'ఆవిడ పందిరి ఆవిడకి ఉండనీ' అన్న దగ్గర ఆపమంది. "అదే మాట మళ్ళీ చదువు" అంది. చదివాను. చెంగుతో చేతులు తుడుచుకుని, మహల్లా పెద్ద సోబిర్ అక్సకాల్ ఇంటికి వెళ్ళి, గుమ్మం బయట నుంచే, "ఆదివారం మా ఇంట్లో హషర్. పిలుపు చెయ్యి" అంది.

"ఏం కడుతున్నావమ్మా?"

"కట్టడం లేదు. కూలుస్తున్నాను."

అక్సకాల్ గడ్డం పట్టుకున్నాడు. "హోజర్ బూవీ, ఇల్లు లేపడానికి హషర్ విన్నాం. కాలువ తవ్వడానికి విన్నాం. కూల్చడానికి హషరేంటమ్మా? నగరం వాళ్ళు ఎలాగూ కూల్చిపెడతారు, ఊరికే!"

"వాళ్ళు కూలిస్తే ఎదురిల్లు కూలుస్తారు. నేను కూలిస్తే నా గోడ కూలుస్తాను. ఆ ఇల్లు కట్టినప్పుడు మీరు తిన్న పలావు ఇంకా అరగలేదా?"

"అరిగి ఎన్నేళ్ళయిందో!"

"అయితే వచ్చి మళ్ళీ తినండి."

వచ్చారు. నిజం చెప్పాలంటే మొదట ఎవరూ పలుగు ఎత్తలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నిక్షేపంలాంటి గోడని కొట్టడానికి మన వాళ్ళకి చెయ్యి రాదు. నానమ్మే గడ్డపార పట్టుకుని గేటు పక్క ఇటుక ఒకటి ఊడబెరికింది. ఆ తర్వాత దుమ్ము లేచిందంటే, మధ్యాహ్నానికి నాకు నా చేతులు కనపడలేదు. (ఈ రోజుకీ తుమ్మితే ఎర్రమట్టి వస్తోంది. ఇది నా త్యాగం, నమోదు చేసుకో.)

ద్రాక్ష తీగని మొదట్లో నరికి, కొమ్మలు తడి గోనెలో చుట్టి పెట్టారు. బతికితే బతుకుతుంది. తందూరుని పగలగొట్టకూడదు కదా, చుట్టూ తవ్వి, తాళ్ళు వేసి, కుర్రాళ్ళందరూ కలిసి ఎత్తారు. నాలుగడుగులు నడిచారో లేదో నిలువునా చీలింది. నానమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, "దానికీ వయసైందిలే. పలావు చల్లారిపోతోంది, రండి" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను వెళ్ళలేదు. పలావు నేనే వడ్డించాను, బాగా తక్కువ వడ్డించానని తిట్టారు.

సోమవారం ఆర్నిస్ వచ్చాడు. మా వైపు వీధి మీదకి బార్లా తెరుచుకుని ఉంది, అటు నుంచి ఇటు చూస్తే మా వంటింటి గిన్నెలు కనిపిస్తున్నాయి. నానమ్మ నా చేత ఒకటే అనిపించింది: "ఖాళీ జాగా కావాలన్నావుగా. ఇదిగో." అతను టోపీ తీశాడు. టేపు తీశాడు. కొలిచి, గీసి, ఆ సాయంత్రమే నగరానికి తీసుకుపోయాడు. కూల్చే ఖర్చు లేని చోటు దొరికితే నగరానికి మాత్రం చేదా? ఒప్పుకున్నారు. నీ గేటు మీద మిగిలిన ఎర్ర గీతని అతనే ఇసుక కాగితంతో గీకాడు. రంగు కాస్త పోయింది, నువ్వు మళ్ళీ వేసుకోవాలి.

నానమ్మ అతనికి టీ ఇచ్చింది. ఈసారి అడుగున నాలుగు గుక్కలే.

"మీ నానమ్మకి ఇంకా కోపం పోలేదా?" అని నా చెవిలో అడిగాడు.

తాళంచెవి పారెయ్యలేదు. మెడలోనే ఉంది.

వెంటనే రాయి. ఏదో ఒకటి రాయి. తిట్టు.

తోలిబ్


అనార్జోర్,
జులై 16

మస్తూరా,

నేను మీ అమ్మని. వీడు రాస్తున్నాడు, నేను చెబుతున్నాను. (నేను రాస్తున్నాను, ఆవిడ చెబుతోంది. తోలిబ్.) మధ్యలో నీ సొంత ముక్కలు కలపకు అన్నాను, కలుపుతున్నాడు, చూడు.

నీ దగ్గర నుంచి జవాబు లేదు. రోజూ పోస్టు మనిషిని అడుగుతున్నాను, ఇప్పుడు ఆవిడ అవతలి వీధిలోంచి పోతోంది. (నానమ్మ ఆవిడని తిట్టింది.) తిట్టలేదు, అడిగాను.

ఆ రోజు నిన్ను పొమ్మన్నాను. అన్నాను. నలుగురూ నాలుగు మాటలంటుంటే వినలేక, దూరంగా ఉంటే నీకు సుఖం అనుకున్నాను. అది నోటికొచ్చేసరికి 'పో' అయింది. నాకు మాటలు అలాగే వస్తాయి, తందూరులోంచి వచ్చినట్టు. ఇది రాశావా? (రాశాను.) సరే.

నీ ఇల్లు ఉంది. మా వైపు రోడ్డు వేసేశారు. నల్లగా, నున్నగా, మొన్నటిదాకా కాలు పెడితే అంటుకునేది. నేను గుమ్మంలో రొట్టెలు ఆరబెట్టే చోట ఇప్పుడు జనాన్ని ఎక్కించుకునే వ్యానులు తిరుగుతున్నాయి. చప్పుడుకి మొదట నిద్ర పట్టలేదు. కొత్త తందూరు వెనక పెరట్లో పెట్టించాను. మొదటి వాయి అంతా మాడింది. కొమ్మల్లో ఒక్కటి చిగురేసింది, గట్టిగా చెప్పలేను, వీడు అది గడ్డి అంటాడు.

ఇంకో సంగతి. మా గోడ పోయాక ఆ మలుపులో గేటు అనేది నీది ఒక్కటే మిగిలింది. వ్యానువాళ్ళు ఎక్కడ ఆపాలో చెప్పడానికి జనానికి ఏదో ఒక గుర్తు కావాలి కదా. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. (నేను కాదు, ప్రమాణం చేసి చెబుతున్నాను.) మొన్న బజారు నుంచి పిండి బస్తా వేసుకుని వ్యానులో వస్తున్నాను. నా పక్కన ఒక పిల్ల కూర్చుంది, కాలేజీ పిల్ల, మన మహల్లాది కాదు, నన్నెరగదు, నిన్నెరగదు. మలుపు దగ్గరికి రాగానే డ్రైవరుతో గట్టిగా, "మస్తూరా గేటు దగ్గర ఆపండన్నా!" అంది. అతనూ, "మస్తూరా గేటా? ఇంకెవరన్నా ఉన్నారా మస్తూరా గేటుకి?" అని వ్యానంతా వినేలా అరిచాడు.

నేను దిగాల్సింది అక్కడే. దిగలేదు. ఆ పిల్లకి దారిచ్చి, బస్తా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే వ్యానులో వెనక్కి వచ్చాను. ఈసారి ఇంకెవరన్నా అడుగుతారేమో అని.

ఇద్దరు అడిగారు.

మీ అమ్మ,
హోజర్